గంగ ఎందుకు నాగవల్లి అయింది?

మామూలు అపరాధ పరిశోధన కథలో మనం వెతికేది ఒక్కటే: ఎవరు చేశారు? జవాబు దొరికితే కథ ముగిసిపోతుంది. సైకలాజికల్ థ్రిల్లర్‌లో అలా కాదు. ఎవరు చేశారో తెలిశాకే అక్కడ అసలు ప్రశ్న మొదలవుతుంది: ఎందుకు చేశారు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఎందుకంటే చాలాసార్లు ఆ పని చేసిన మనిషికే తను ఎందుకు చేసిందో తెలియదు.

అలాంటి పాత్రను అర్థం చేసుకోవడం ఎలా? దీనికి మనందరికీ తెలిసిన ఒక కథను తీసుకుందాం. ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో ఏ తెలుగువాళ్ళ ఇంట్లో అడిగినా ‘చంద్రముఖి’ సినిమా చూడనివాళ్ళు దాదాపు ఉండరు. పక్క క్వార్టర్‌లో అడిగితే అదే కథను హిందీలో ‘భూల్ భులయ్యా’ అంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ, ఇంగ్లీషు మాట్లాడే మన ఖరగ్‌పూర్ పిల్లలకు ఈ కథ ప్రత్యేకమైనది. అది ఎందుకో ముందు ముందు చూద్దాం.

ఒక కథ, ఎన్నో భాషలు

ఈ కథకు మూలం 1993లో వచ్చిన ‘మణిచిత్రతాళు’ అనే మలయాళ చిత్రం. కథ రాసినవారు మధు ముట్టం, దర్శకుడు ఫాజిల్. కేరళలోని ఒక పాత కుటుంబంలో జరిగిన విషాదం ఈ కథకు ప్రేరణ అని చెబుతారు. గంగ పాత్ర వేసిన శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది.

తర్వాత ఇదే కథ 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా వచ్చింది. అందులో ఆ పాత్ర మన తెలుగువాళ్ళకు ఎంతో ఇష్టమైన సౌందర్య వేశారు. సినిమా విడుదలకు ముందే, ఆ ఏడాది ఏప్రిల్‌లో, ఆమె విమాన ప్రమాదంలో చనిపోయారు. 2005లో తమిళంలో రజనీకాంత్, జ్యోతికలతో ‘చంద్రముఖి’ వచ్చింది. మనం చూసింది దాని తెలుగు అనువాదం. అదే ఏడాది బెంగాలీలో ‘రాజ్‌మహల్’, 2007లో హిందీలో విద్యా బాలన్‌తో ‘భూల్ భులయ్యా’ వచ్చాయి. 2010లో వెంకటేశ్ నటించిన తెలుగు ‘నాగవల్లి’ ఈ కథకు కొనసాగింపు.

పాత్ర మనసును చదవాలంటే మూలకథ దగ్గరికే వెళ్ళాలి. ఇక్కడ కథ మొత్తం చెప్పక తప్పదు. సినిమా చూడనివాళ్ళు చూశాక చదివినా మంచిదే.

కథ ఇది

ఇంజనీరు నకులన్, అతని భార్య గంగ కలకత్తా నుంచి కేరళలోని తమ పూర్వికుల పెద్ద ఇంటికి వస్తారు. ఆ ఇంట్లో ఒక గదికి ఎప్పటినుంచో తాళం వేసి ఉంటుంది. దాని వెనుక ఒక కథ ఉంది. పూర్వం ఆ ఇంటి యజమాని శంకరన్ తంపి తంజావూరు నుంచి నాగవల్లి అనే నాట్యకత్తెను తెచ్చి ఆ ఇంట్లో ఉంచుతాడు. ఆమె మనసు మాత్రం రామనాథన్ అనే మరో నర్తకుడి మీద ఉంటుంది. అది తెలిసిన శంకరన్ తంపి దుర్గాష్టమి రాత్రి ఆమెను చంపేస్తాడు. ఆమె ఆత్మ పగ తీర్చుకోవడానికి కాచుకుని ఉందని ఇంట్లోవాళ్ళ నమ్మకం.

గంగ ఆ గది తాళం తీయిస్తుంది. లోపల నాగవల్లి చీరలు, నగలు, బొమ్మ చూసి మురిసిపోతుంది. అప్పటినుంచి ఇంట్లో వింతలు మొదలవుతాయి. రాత్రిపూట గజ్జెల చప్పుడు, తమిళ పాట. నకులన్ ప్రాణానికి ముప్పు. అమెరికా నుంచి వచ్చిన నకులన్ స్నేహితుడు, మానసిక వైద్యుడు సన్నీ ఇదంతా చేస్తున్నది గంగేనని కనిపెడతాడు. ఆమె మనసులో నాగవల్లి అనే మరో మనిషి తయారైంది. ఆ మనిషికి నకులన్ శంకరన్ తంపిలా కనిపిస్తాడు. ఎదురింట్లో ఉండే కవి మహాదేవన్ రామనాథన్‌లా కనిపిస్తాడు. దుర్గాష్టమి నాటికి ఆమె భర్తను చంపేస్తుందని అందరికీ భయం.

మనం ఎవరిని అనుమానించాం?

సినిమా మొదటి సగంలో మనం అనుమానించేది గంగను కాదు, శ్రీదేవిని. ఆమె నకులన్‌కు బంధువు. ఒకప్పుడు వాళ్ళిద్దరికీ పెళ్ళి అనుకున్నారు. జాతకంలో కుజదోషం ఉందని అది జరగలేదు. ఆమె ఎక్కువగా మాట్లాడదు, ఒంటరిగా తిరుగుతుంది. ఇంకేం కావాలి? ‘మనసు విరిగింది, అసూయపడింది, అందుకే చేసింది’ అని మనకు మనమే తీర్పు చెప్పేస్తాం.

ఇక్కడ ఆగి మన ఆలోచనను మనమే గమనించాలి. ‘ఎందుకు’ అనే ప్రశ్నకు మనం ‘ఎవరికి లాభం’ అనే కొలత వాడాం. డబ్బు కోసం, పగ కోసం, అసూయ వల్ల: ఇవి మనకు తెలిసిన కారణాలు. వీటిలో ఏదైనా ఒక మనిషికి అతికితే చాలు, ఆ మనిషే దోషి అనుకుంటాం. శ్రీదేవికి కారణం ఉంది, కాని ఆమె ఏ పనీ చేయలేదు. గంగ పనులన్నీ చేసింది, కాని ఆమెకు మనకు తెలిసిన కారణం ఒక్కటీ లేదు. భర్త మంచివాడు, కాపురం చక్కగా ఉంది. అందుకే మన చూపు ఆమె మీద పడలేదు.

కథ మనకు నేర్పే మొదటి పాఠం ఇదే. కారణం కనిపించినంత మాత్రాన నేరం రుజువు కాదు. కారణం కనిపించనంత మాత్రాన బాధ లేదని కాదు.

మూడు మాటలు వేరుచేద్దాం

పాత్ర మనసును చదివేటప్పుడు మూడు మాటలను కలగలపకూడదు: ఉద్దేశం, సందర్భం, మూలకారణం.

ఉద్దేశం అంటే ఆ పని చేసేటప్పుడు పాత్ర కోరుకునేది. నాగవల్లిగా మారినప్పుడు ఆమె ఉద్దేశం స్పష్టం: శంకరన్ తంపిని చంపడం. కాని అది నాగవల్లి ఉద్దేశం. గంగగా ఉన్నప్పుడు ఆమె నకులన్‌ను ప్రేమిస్తూనే ఉంది. ఒకే శరీరంలో రెండు వ్యతిరేకమైన ఉద్దేశాలు ఉన్నాయి కాబట్టి, ‘గంగ భర్తను చంపాలనుకుంది’ అన్న వాక్యం నిజం కాదు. పరీక్షలో అలా రాస్తే సగం మార్కులే వేయాలి.

సందర్భం అంటే లోపల ఉన్నదాన్ని బయటికి తెచ్చినది. మూసిన గది, నగలు, విన్న కథ, దగ్గరపడుతున్న దుర్గాష్టమి: ఇవి సందర్భాలు. ఈ గదిలోకి గంగతోపాటు వేరేవాళ్ళూ తొంగిచూశారు. వాళ్ళు ఎవరూ నాగవల్లి కాలేదు. కాబట్టి గది కారణం కాదు. పొడి గడ్డి మీద పడిన అగ్గిపుల్ల లాంటిది అది. గడ్డి ఎప్పుడు ఎండిందో వెతకాలి.

అదే మూలకారణం. సన్నీ దాన్ని వెతుక్కుంటూ గంగ పుట్టిన ఊరికి వెళతాడు. ఆమె తల్లిదండ్రులు ఆమెను చిన్నప్పుడే బామ్మ దగ్గర వదిలి కలకత్తాలో స్థిరపడ్డారు. బామ్మ చెప్పే కథలు, పల్లెటూరు, ఆ ఇల్లు: అదే ఆ పిల్ల లోకం. పదో తరగతి పరీక్షల సమయంలో అమ్మానాన్నలు వస్తున్నారని, తనను నగరానికి తీసుకుపోతారని ఉన్నట్టుండి తెలుస్తుంది. ఆమెను ఎవరూ అడగలేదు, ముందుగా చెప్పలేదు. తన లోకాన్ని ఒక్కరోజులో లాగేసుకున్నారన్న దెబ్బకు ఆమె మనసు చెదిరింది. పెద్దవాళ్ళు దాన్ని పిల్లల మారాం అనుకున్నారు. అది తగ్గిపోయిందనుకున్నారు. నిజానికి అది లోపలికి వెళ్ళింది.

నాగవల్లే ఎందుకు?

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. బామ్మ చెప్పిన కథల్లో ఎంతోమంది ఉండి ఉంటారు. అందరిలోనూ గంగ మనసు నాగవల్లినే ఎందుకు పట్టుకుంది? సినిమా దీనికి నేరుగా జవాబు చెప్పదు. కాని సాక్ష్యాలు ఇస్తుంది. వాటిని ఒక దగ్గర పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది.

నాగవల్లిని ఆమె ఊరి నుంచి, ఆమె ఇష్టం అడగకుండా, ఒక పరాయి ఇంటికి తెచ్చారు. గంగనూ అంతే. నాగవల్లి ప్రేమించినవాటి నుంచి ఆమెను ఒక పెద్దమనిషి విడదీశాడు. గంగనూ విడదీసింది పెద్దలే. తేడా ఒక్కటే. నాగవల్లికి కోపం తెచ్చుకునే హక్కు ఉంది, ఆమెకు జరిగింది అన్యాయమని ఊరంతా ఒప్పుకుంటుంది. గంగకు ఆ హక్కు లేదు. కన్న తల్లిదండ్రులు తీసుకువెళితే అన్యాయం అని ఎవరంటారు? మంచి చదువు కోసమే కదా అంటారు. అలా చెప్పుకోవడానికి వీల్లేని కోపం, చెప్పుకోవడానికి వీలున్న ఒక కథను వెతుక్కుంది. నాగవల్లి పేరు మీద గంగ తన కోపాన్ని బయటపెట్టుకుంది. ఇది నా వ్యాఖ్యానం. దీనికి బలమైన ఆధారం సినిమాలోనే ఒక సన్నివేశంలో దొరుకుతుంది.

పెళ్ళి నగలు కొనడానికి అల్లి అనే అమ్మాయితో కలిసి గంగ బయలుదేరుతుంది. నకులన్ వద్దంటాడు. చిన్న మాటే. కాని గంగ ముఖం మారిపోతుంది, గొంతు మారిపోతుంది, మంచాన్ని ఒంటిచేత్తో పైకెత్తుతుంది. అందరూ గుర్తుపెట్టుకునేది ఆ మంచమే. గమనించవలసింది మాత్రం దానికి ముందు జరిగినది. ఆమె ఎక్కడికో వెళ్ళాలనుకుంది, ఇంకొకరు ఆమె తరఫున నిర్ణయించారు. చిన్నప్పుడు తగిలిన దెబ్బే మళ్ళీ అక్కడే తగిలింది. అందుకే మనిషి మారింది. పాత్ర ఏం చేసిందన్నది ఒక సాక్ష్యం, సరిగ్గా ఏ క్షణంలో చేసిందన్నది అంతకంటే పెద్ద సాక్ష్యం.

ఇంట్లో వినిపించే పరాయి భాష

ఇప్పుడు ఖరగ్‌పూర్ పిల్లలకు ఈ కథ ఎందుకు ప్రత్యేకమో చూద్దాం. మలయాళ చిత్రంలో నాగవల్లి తమిళం మాట్లాడుతుంది. కన్నడ, తమిళ చిత్రాల్లో ఆ నాట్యకత్తె తెలుగు మనిషి, ‘రారా’ అనే పాట తెలుగులోనే ఉంటుంది. హిందీ చిత్రంలో మంజులిక బెంగాలీ అమ్మాయి, ఆమె పాడేది బెంగాలీలో. కథ ఏ ఊరికి వెళితే ఆ ఊరికి పొరుగు భాష ఆమె నోట్లోకి వస్తుంది. తెలుగు అనువాదంలో ఆమె ఏ భాషలో పాడుతుందో ఈసారి టీవీలో వచ్చినప్పుడు చెవిపెట్టి వినండి.

దర్శకులు ఇలా ఎందుకు చేశారు? భయం కోసం అన్నది తేలిక జవాబు. తెలిసిన గొంతులోంచి తెలియని భాష వినిపిస్తే ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. కాని భాష ఇక్కడ ఇంకో పని కూడా చేస్తుంది. ఆ నాట్యకత్తె ఆ ఇంట్లో ఒంటరిదని, ఆమె బాధ చెప్పుకున్నా అర్థం చేసుకునేవాళ్ళు లేరని అది చెబుతుంది. గంగ పరిస్థితీ అదే. తన మాట అర్థంకాని ఇంట్లో ఉన్నట్టు ఆమె మనసు లోపల బతుకుతోంది. పరాయి భాష ఆమె ఒంటరితనానికి గుర్తు.

తమిళుడు భయపడిన తెలుగు మనకు అమ్మ మాట. హిందీవాళ్ళు భయపడిన బెంగాలీలో మనం రోజూ గోల్‌బజార్‌లో కూరగాయలు బేరమాడతాం. అంటే ఆ భాషల్లో భయం ఏమీ లేదు. వినేవాడికి తెలియకపోవడంలోనే భయం ఉంది. మానసిక అనారోగ్యం విషయంలోనూ ఇదే జరుగుతుంది. తెలియనంతసేపూ దెయ్యం. తెలిస్తే, బాధపడుతున్న ఒక మనిషి.

దుర్గాష్టమి సంగతి కూడా ఆలోచించండి. కథలో అది పగ తీరే రాత్రి. మన బెంగాల్‌లో దుర్గమ్మ అంటే అత్తింటి నుంచి పుట్టింటికి వచ్చిన కూతురు. నాలుగు రోజులు ఉండి కన్నీళ్ళతో తిరిగి వెళుతుంది. పుట్టిన ఊరికి దూరమైన గంగ మనసు అదే పండుగ రోజున బద్దలవడం ఇక్కడి ప్రేక్షకుడికి మరింత గట్టిగా తగులుతుంది.

సన్నీ చేసిన వైద్యం

చివర్లో సన్నీ, మంత్రవాది బ్రహ్మదత్తన్ కలిసి ఒక ఉపాయం చేస్తారు. నాగవల్లి కత్తి ఎత్తే సమయానికి నకులన్‌ను తప్పించి, ఆ చోట శంకరన్ తంపి బొమ్మను ఉంచుతారు. ఆమె బొమ్మను నరుకుతుంది. పగ తీరింది, నాగవల్లి శాంతించింది, గంగ తిరిగి వచ్చింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. సన్నీ ఆ కోపాన్ని తిట్టలేదు, కొట్టలేదు, లేదని బుకాయించలేదు. అది ఉన్నదని ఒప్పుకుని, ఎవరికీ దెబ్బ తగలకుండా బయటికి వెళ్ళే దారి చూపించాడు. మంత్రవాదిని కూడా వెళ్ళగొట్టలేదు, తనతో కలుపుకున్నాడు.

హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ (1960) తో పోలిస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. అందులో నార్మన్ బేట్స్ అనే యువకుడి మనసులో చనిపోయిన తల్లి మరో మనిషిగా బతికి ఉంటుంది. చివర్లో ఒక వైద్యుడు వచ్చి అంతా వివరిస్తాడు. కాని అప్పటికే హత్యలు జరిగిపోయాయి, నార్మన్ గదిలో ఒంటరిగా మిగులుతాడు. అక్కడ ‘ఎందుకు’కు జవాబు కథ అయిపోయాక వచ్చింది, ఎవరికీ ఉపయోగపడలేదు. ఇక్కడ జవాబు ముందే వచ్చింది, ఇద్దరి ప్రాణాలు నిలిచాయి. కారణం తెలుసుకోవడం ఎందుకు అని ఎవరైనా అడిగితే ఈ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

అయితే సన్నీ చేసినదంతా ఒప్పు కాదు. గంగకు అనుమానం రాకుండా ఉండాలని అతను శ్రీదేవినే దోషిగా అందరి ముందూ నిలబెట్టాడు. తర్వాత నిజం చెప్పాడు, సరే. కాని అంతవరకూ ఒక నిర్దోషి ఇంటివాళ్ళ చూపుల మధ్య ఎలా గడిపిందో ఆలోచించండి. ఒకరిని కాపాడడానికి ఇంకొకరి పరువును వాడుకోవచ్చా? తరగతిలో చర్చకు పెట్టవలసిన ప్రశ్న ఇది.

సినిమా వేరు, జబ్బు వేరు

సినిమాలో చూపినదంతా వైద్యశాస్త్రం అనుకోకూడదు. ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు కనిపించే స్థితిని ఒకప్పుడు మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్ అనేవారు. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో దాని పేరును డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అని మార్చింది. చాలామంది రోగుల్లో దీనికి చిన్నతనంలో తగిలిన తీవ్రమైన గాయాలతో, అదీ పదేపదే తగిలినవాటితో, సంబంధం కనిపిస్తుంది. ఒక్క రాత్రిలో, ఒక్క నాటకంతో అది నయమైపోదు. నమ్మకమైన వైద్యుడితో ఏళ్ళ తరబడి మాట్లాడుకుంటూ చేసే చికిత్స అది. ఇలాంటి రోగి తప్పకుండా కత్తి పట్టుకుంటుందన్నది కూడా సినిమా భయమే. నిజ జీవితంలో మానసిక రోగులు ఇతరులను హింసించడం కంటే ఇతరుల చేతిలో హింసకు గురికావడమే ఎక్కువ.

మన మాటల్లోనూ తప్పు ఉంది. ‘పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి’ అన్న సామెతకు నవ్వుతాం. ఎవరైనా కొంచెం తేడాగా మాట్లాడితే ‘వీణ్ణి రాంచీ పంపాలి’ అంటాం. రాంచీలో ఉన్నది 1918లో మొదలైన పెద్ద మానసిక వైద్యశాల. గుండె ఆసుపత్రి పేరు చెప్పి ఎవరినీ ఎగతాళి చేయని మనం, మనసు ఆసుపత్రి పేరు చెప్పి ఎందుకు చేస్తున్నాం? ఆ నవ్వుకు భయపడే ఎంతోమంది తమ బాధ ఎవరికీ చెప్పరు. చెప్పుకోవాలనుకునేవారికి ప్రభుత్వం 2022లో ‘టెలి మానస్’ సేవ మొదలుపెట్టింది. 14416 నంబరుకు ఎప్పుడైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

పాత్రను చదివే పద్ధతి

ఇకమీద ఏ సినిమా చూసినా, ఏ కథ చదివినా ఈ ప్రశ్నలు వేసుకోండి. పాత్ర పైకి ఏం చెబుతోంది? చెప్పినదానికీ చేసినదానికీ తేడా ఎక్కడ వస్తోంది? సరిగ్గా ఏ మాట విన్నాక, ఏది చూశాక మారుతోంది? అదే చోట ఉన్న ఇతరులు ఎందుకు మారలేదు? అంతకుముందు ఆ మనిషి ఏం పోగొట్టుకుంది? ఆ బాధను చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా? చివరిగా, మీ వ్యాఖ్యానానికి ఆధారం కథలో ఉందా, లేక మీ అనుమానంలోనే ఉందా? ఈ చివరి ప్రశ్న వేసుకోకపోతే మనమూ శ్రీదేవిని నిందించినవాళ్ళలో ఒకరమవుతాం.

కారణం తెలుసుకోవడం అంటే తప్పును మాఫీ చేయడం కాదు. గంగ చేతిలోని కత్తిని ఆపవలసిందే. కాని ఆపాక ఏం చేయాలన్నది కారణం తెలిసినవాడికే తెలుస్తుంది.

కేంద్రీయ విద్యాలయాలు పుట్టిందే బదిలీ అయ్యే ఉద్యోగుల పిల్లల కోసం. రైల్వే ఊళ్ళో బదిలీ ఉత్తర్వు కొత్త విషయం కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు అమ్మమ్మ దగ్గర కొన్నాళ్ళు, ఖరగ్‌పూర్‌లో కొన్నాళ్ళు పెరిగినవాళ్ళు మన తరగతుల్లోనే ఉన్నారు. వాళ్ళకు గంగ బాధ వివరించి చెప్పనక్కరలేదు. బదిలీ ఆపడం ఎవరి చేతుల్లోనూ లేకపోవచ్చు. ముందుగా చెప్పడం, పిల్లల మాట వినడం, వెళ్ళేలోపు స్నేహితులకు వీడ్కోలు చెప్పుకునే సమయం ఇవ్వడం మాత్రం పెద్దల చేతుల్లో ఉంది. ఆ పని ఎవరైనా చేసి ఉంటే గంగ ఆ గది తాళం తీయించి, నగలు చూసి, బాగున్నాయి అనుకుని తలుపు దగ్గరగా వేసి వచ్చేసేది.